మడత లేని బండి

ముందుగా ఒక మాట. దీన్ని రాస్తున్న చేతికి అక్షరాలు వచ్చి మూడేళ్లే అయింది. ఎక్కడైనా ఒత్తు తప్పినా, దీర్ఘం ఉండవలసిన చోట లేకపోయినా మన్నించండి. రోజుకు పది వరుసలు దాటి నా చెయ్యి సాగదు. ఈ కాగితాలు నిండడానికి ఒక వానాకాలం మొత్తం పట్టింది. ఇది నా కథ కాదు, ఒక బండి కథ. దానికి నోరు లేదు గనక చెయ్యి నేను అరువిస్తున్నాను. ఇక్కడినుంచి మాట దానిది.

నేను ఒక స్టంట్ స్కూటర్‌ని. స్కూటర్ అనగానే పెట్రోలూ, సీటూ, వెనక కూర్చునే మనిషీ మీకు గుర్తొస్తే అవేవీ నాకు లేవు. ఒక పలక, దానికి ముందొక చక్రం, వెనకొక చక్రం, పట్టుకోవడానికి ఒక హ్యాండిలు. అంతే నేను. ఒక కాలు పలక మీద పెట్టి రెండో కాలితో నేలను తంతే ముందుకు పోతాను. గెంతితే నేనూ గెంతుతాను. మెట్లు, అరుగులు, ఫుట్‌పాత్ అంచులు నా దారులు. మిగతా బండ్లు తప్పుకుని పోయే చోట్లన్నీ నాకు కావాలి.

నా పుట్టుక సముద్రం అవతల ఒక కర్మాగారంలో. కాల్చి మెత్తబరిచిన అల్యూమినియాన్ని అచ్చులోంచి తోస్తే నా పలక బయటికి వచ్చింది. ఉక్కు గొట్టాన్ని నిలువుగా పెట్టి, పైన అడ్డంగా ఇంకో గొట్టం అతికి హ్యాండిలు చేశారు. మూతికి గుడ్డ కట్టుకున్న ఒక మనిషి ఆ అతుకు మీద బొటనవేలితో రెండుసార్లు రాసి చూసి, తల ఊపి పక్కన పెట్టాడు. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన. ఆఖరున నా పలక మీద ఉప్పుకాగితంలాంటి నల్లని గరుకు అట్ట అంటించారు. కాలు జారకుండా పట్టి ఉంచేది అదే. నా ఒంట్లో ఏది ముఖ్యమని ఎవరైనా అడిగితే చక్రాలని అంటారుగానీ, నేనైతే ఆ గరుకునే చూపిస్తాను.

పెట్టెలో పడుకుని ఓడ ఎక్కి, విశాఖపట్నంలో దిగి, డాబాగార్డెన్స్ వైపు ఒక సందులో ఉన్న కూర్మారావు సైకిళ్ల కొట్టుకు చేరాను. అక్కడ నా చుట్టూ ఉన్నవి దాదాపు అన్నీ మడత స్కూటర్లే. మెడ దగ్గర ఒక మీట నొక్కితే గొడుగులా ముడుచుకుపోయి సంచిలో పడతాయి. చక్రాల్లో రంగురంగుల దీపాలు, హ్యాండిలుకు గంట, గంట మీద బొమ్మ. నా దగ్గర గంట లేదు. మనుషులు ఏ వస్తువునైనా ముందు కళ్లతో కొంటారు, తర్వాత గంట మోగించి చెవులతో కొంటారు. చేతులతో కొనేవాళ్లు బాగా తక్కువ. అందుకే నేను ఆరు నెలలు గోడకు వేలాడుతూ దుమ్ము కప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం చేతులతో కొనే మనిషి వచ్చింది.

ఆవిడ పేరు అప్పలనరసమ్మ. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడకకు వచ్చేవాళ్లకు తోపుడుబండి మీద రాగిజావ అమ్ముతుంది. భర్త పోయి పదేళ్లు. వెనకాల మనవరాలు హేమశ్రీ, కూతురి కూతురు, పన్నెండేళ్లది. ఆ పిల్ల ఎడమ మణికట్టు కుడిదానికన్నా సన్నగా, పాలిపోయి కనిపించింది. చాలాకాలం కట్టులో ఉండి, ఇంకా పూర్తిగా కోలుకోని చెయ్యిలా ఉంది.

"రండమ్మా. పాపకేనా? ఇదిగో ఇది సూడండి, తొక్కితే సక్రాల్లో లైట్లెలుగుతాయి" అంటూ కూర్మారావు ఒక మడతబండిని ముందుకు తోశాడు.

అప్పలనరసమ్మ పామును చూసినట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

"మడతది ఒద్దు బాబూ. దీని సెయ్యి ఇరగ్గొట్టినాది మడతదే."

"ఎక్కడ కొన్నారు?"

"ఎగ్జిబిషన్లో. మా గుంట గెంతులేస్తాది, తట్టుకుంటాదా బాబూ అని మరీ అడిగినాను. ఏనుగెక్కినా ఏటీ అవదన్నాడు. మూడో రోజు ఫుట్‌పాత్ మీంచి గెంతినాది. గెంతీసరికి మడత ఊడిపోయి, హ్యాండిలు ముందుకి తొంగుండిపోనాది. గుంట సెయ్యి కిందెట్టీసినాది."

హేమశ్రీ గోడల మీద వేలాడుతున్న బండ్ల వైపు చూస్తూ ఆ కథ వినబడనట్టు నిలబడింది.

"తప్పు ఆడిది కాదు బాబూ, నాది" అంది అప్పలనరసమ్మ. "అట్టపెట్టి మీద తెలుగులో కాగితం అంటించే ఉన్నాది. గెంతులకు పనికిరాదు, నడకకే వాడవలెను అని. నాకప్పుడు అచ్చరం ముక్క రాదు. ఆ పెట్టిలో యేడాది ఉల్లిపాయలు పోసుకున్నాను. ఈ గుంట నాకు అచ్చరాలు నేర్పినాక, ఒకనాడు ఉల్లిపాయలకని ఒంగుంటే ఆ కాగితం కనబడ్డాది. కూడబలుక్కుని సదివినాను. సదివి అక్కడే కూలబడిపోనాను."

తర్వాత నాకు తెలిసిందేమంటే, హేమశ్రీది ఎడమచేతి వాటం. రాసేదీ తినేదీ ఆ చేత్తోనే. చేతికి కట్టు పడ్డాక బడి నోట్సు రాసేవాళ్లు లేరు. తల్లి సుగుణ బట్టల కొట్టులో పొద్దంతా నిలబడి వచ్చేది. దాంతో పిల్ల కుడిచేత్తో వంకరటింకరగా పలక మీద అక్షరాలు గీసి, "నా సెయ్యి ఇరిగింది నీ వల్లే కదా అమ్మమ్మా, నీ సెయ్యి నాకియ్యి మరి" అని నవ్వుతూ ఆవిణ్ణి కూర్చోబెట్టిందట. అది ఎకసెక్కంగా అన్న మాట. ఈవిడ మాత్రం నిజంగానే ఇచ్చేసింది. కట్టు విప్పినప్పుడు డాక్టరు సుగుణతో అన్న మాట కూడా ఉంది. అదే చోట మళ్లీ విరిగితే ఈ మణికట్టు మునుపటిలా తిరగదమ్మా, కలం పట్టుకోవడం కష్టం.

అంత తెలిసీ మళ్లీ బండి కొనడమెందుకని మీరు అడగొచ్చు. కూర్మారావూ అడిగాడు.

"పిల్లలందరూ బీచీలో గెంతుతుంటే ఇది నా జావబండి ఎనకాల నక్కి సూస్తాది బాబూ. నోరెత్తి అడగదు. గెంతడం దీని తప్పు కాదు. తగిన బండి ఇవ్వకపోడం నా తప్పు. ఇప్పుడు నాకు సదువొచ్చు. ఈసారి సూసి కొంటాను."

కూర్మారావు మడతబండ్లను కాలితో పక్కకు నెట్టి, మూడు స్టంట్ స్కూటర్లను కిందికి దించాడు. అందులో నేనొకణ్ణి.

ఆవిడ నేల మీద చతికిలబడి మమ్మల్ని ఒక్కొక్కర్నే చూసింది. ముందు చక్రాన్ని జానెడు ఎత్తి వదిలింది. మొదటిది గలగలమంది. "మా జావబండి సక్రం వదులైతే ఇలాగే ఏడుస్తాది" అని దాన్ని పక్కన పెట్టేసింది. నన్ను ఎత్తి వదిలితే ఒక్కటే టక్కు. ఆ చప్పుడు విని ఆవిడ ముఖం కొంచెం సడలింది. హ్యాండిలు పట్టుకుని నా చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి మెలితిప్పి చూసింది. నేను కదల్లేదు. చక్రం మధ్యలో ప్లాస్టికా లోహమా అని గోరుతో గీకింది. లోహమే.

"అమ్మమ్మా, నలుపా? వేరే రంగు నేదా?" అని హేమశ్రీ గునిసింది.

"మినుములు నల్లగుంటే ఇడ్లీ నల్లగొస్తాదేటే? నోర్ముయ్యి."

మూడోది నాకన్నా ఎత్తు, నాకన్నా బరువు. అప్పలనరసమ్మ చెయ్యి దాని మీద ఆగింది. "ఎదిగే గుంట బాబూ. ఇదైతే నాలుగేళ్లు ఆగుతాది కదా" అంది. ఈ ఊళ్లో గౌనైనా చెప్పులైనా పిల్లలకు రెండు కొలతలు పెద్దవే కొంటారు. పిల్లలు వాటిలో సగం బాల్యం ఈడ్చుకుంటూ తిరుగుతారు.

"అమ్మా, పాప గెంతేది ఇప్పుడా, నాలుగేళ్ల తర్వాతా?" అన్నాడు కూర్మారావు.

ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, ఆ బండిని తనే వెనక్కి తోసేసింది. పిల్లను నా పక్కన నిలబెట్టారు. నా హ్యాండిలు సరిగ్గా దాని నడుము దగ్గరికి వచ్చింది. "కొత్తగా నేర్సుకున్నోళ్లకి ఇంతే ఉండాల. రొమ్ముదాకా ఉంటే బండి లేవదు, మోకాలిదాకా ఉంటే ఒంగి పడతారు" అన్నాడాయన. "పలక సివర్లు సూడండి, గుండ్రంగా కాకుండా నలుపలకలుగా ఉన్నాయి. అరుగు అంచు మీద జారినప్పుడు నిలుస్తాది. రోడ్డు మీద తొక్కే పిల్లలకి ఇదే. మడత నేదు, మీట నేదు. నాలుగు బోల్టుల బిగింపు. ఊడదు."

ఒక హెల్మెట్టు, మోకాలి చిప్పలకు తొడుగులు కూడా తీసుకున్నారు. మణికట్టుకు గట్టి పట్టీ అడిగితే, అది కడితే హ్యాండిలు మీద పట్టు చిక్కదన్నాడు. అప్పలనరసమ్మ ఆ మణికట్టు వైపు ఒకసారి చూసి, ఉన్న తొడుగులే సంచిలో వేసుకుంది.

"ఇంక జాగ్రత్తలు సెప్తాను ఇనండి..." అని కూర్మారావు మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"సెప్పకు బాబూ. రాసియ్యి. నాను సదువుకుంటాను."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో గర్వం నాకు వినబడింది. యాభై ఎనిమిదేళ్లు అందరూ చెబితే విన్న మనిషి. కూర్మారావు ఒక అట్టముక్క మీద ముందువైపు నిండా, వెనకవైపు రెండు మూడు, మొత్తం పదహారు వరుసలు రాసి ఇచ్చాడు. హేమశ్రీ చెయ్యి చాచితే, "ఇది నాది. నువ్వు ముట్టుకోకు" అని రొంటిన దోపుకుంది. ఆ గర్వమే ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెబుతాను.

ఇంటికి వెళ్లేసరికి సుగుణ గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"మళ్లీ తెచ్చీసావు."

"ఇది మడతది కాదే."

"అమ్మా, నాను ఒక్క మాట సెప్తాను ఇనుకో. ఈసారి దాని సెయ్యికి ఏటన్నా అయితే నాకు కారణాలు సెప్పొద్దు. ఎవుడిదీ తప్పు కాదు, నీదే."

"నాదే" అంది అప్పలనరసమ్మ.

మూలన ఆ మడతబండి ఇంకా ఉంది, మెడ విరిగి. దానితో నేను మాట్లాడలేదు. దాని తప్పు కూడా లేదు. నడకకు పుట్టినదాన్ని గెంతమన్నారు.

ఆ తర్వాతి రెండు వారాలూ బాగా గడిచాయి. తెల్లవారాక బీచ్ రోడ్డు మీద కాసేపు బండ్లను రానివ్వరు. రోడ్డంతా నడిచేవాళ్లది, పరుగెత్తేవాళ్లది, మాది. అమ్మమ్మ జావబండి ఒక విగ్రహం అరుగుకు ఎదురుగా నిలబడేది. హేమశ్రీ మొదట తన్నడం నేర్చుకుంది, తర్వాత వెనక చక్రం మీది రేకు తొక్కి ఆగడం, తర్వాత నన్ను నేలనుంచి బెత్తెడు ఎత్తి గెంతడం. వారానికల్లా ఫుట్‌పాత్ దిగింది. దిగగానే అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ చేతిలో గరిటె గాలిలోనే ఉండిపోయింది, జావ కోసం నిలబడ్డ పెద్దాయన "అమ్మా, నా గ్లాసు" అని గుర్తు చేసేదాకా.

ఆవిడ పాఠం కూడా అక్కడే సాగేది. మొదటి గిన్నె ఖాళీ అయ్యి రెండోది తెరిచే మధ్యలో రొంటినుంచి ఆ అట్టముక్క తీసి, రోజుకు ఒక వరుస కూడబలుక్కుని చదివేది. ఒక వరుసంటే ఒక వరుసే. రెండోది చదివితే మొదటిది పోతుందని భయం. 'బోల్టులు వారానికొకసారి బిగించవలెను' అని చదివిన రోజు మధ్యాహ్నం నన్ను కూర్మారావు దగ్గరికి తీసుకుపోయింది. 'ఉప్పుగాలికి బేరింగు తుప్పు పట్టును' అన్న రోజు నన్ను పాత చీర ముక్కతో తుడిచింది. ప్రపంచంలో ఇంత శ్రద్ధగా నన్ను చదివిన మనిషి ఇంకొకరు లేరు. కానీ రోజుకు ఒక వరుసే.

రెండో శనివారం సాయంత్రం హేమశ్రీ అన్నం తింటూ చెప్పింది.

"అమ్మమ్మా, రేపు అరుగు మీంచి నాలుగు మెట్లూ గెంతీస్తాను."

అప్పలనరసమ్మ చెయ్యి కంచంలో ఆగింది. "నాలుగా?"

"అందరూ గెంతుతున్నారు. నాను ఒక్కదాన్నే కిందుండి సూస్తున్నాను."

ఆ కిందనుంచి చూడటం ఎలా ఉంటుందో అమ్మమ్మకు తెలుసు. వద్దని అనలేదు.

ఆదివారం తెల్లవారుతూనే ఆవిడ లేచి తలకు పోసుకుంది. రోజూ చేసినట్టే గడప కడిగి, ముందు నువ్వులనూనె రాసి, దాని మీద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. నూనె రాస్తే పసుపు తొందరగా రాలదని ఆవిడ లెక్క. తర్వాత చేతిలో మిగిలినదాన్ని చూసుకుంది, గోడకు ఆనించి ఉన్న నన్ను చూసింది. నన్ను నేల మీద పడుకోబెట్టింది. "కాలెట్టే సోటు. గడపలాంటిదానివే నువ్వూనూ. మా గుంట కాలు నీ మీదే ఉంటాది, కాపాడు తల్లీ" అని, నా గరుకు అట్ట మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా నూనె రాసింది. దాని మీద పసుపు పూసింది. మూడు బొట్లు పెట్టి దండం పెట్టుకుంది.

నాకు నోరు లేకపోవడం గురించి నేనెప్పుడూ బాధపడలేదు, ఆ ఒక్క ఉదయం తప్ప. నా ఒంటిమీద ప్రతి గరుకు రవ్వా నూనె తాగింది. నన్ను అంత ప్రేమగా ఎవరూ ముట్టుకోలేదు, అంత అపాయంగానూ ఎవరూ ముట్టుకోలేదు.

"ఓలమ్మో! బండిని పెళ్లికూతుర్ని సేసీసావేటి!" అని హేమశ్రీ పగలబడి నవ్వింది. "అక్కడ అందరూ నవ్వుతారు నన్ను." తువ్వాలు తీసి పసుపంతా తుడిచేసింది. పసుపు పోయింది. నూనె పోలేదు, ఇంకా లోపలికి దిగింది. నల్లటి అట్ట మీద నూనె కనబడదు.

బీచ్ రోడ్డు చేరేసరికి సూర్యుడు నీళ్లమీదికి వచ్చాడు. ఆదివారం గనక జనం ఎక్కువ. జావబండి చుట్టూ పదిమంది. హేమశ్రీ నన్నెక్కి రెండుసార్లు రోడ్డు పొడవునా తిరిగింది. రెండోసారి దాని కాలు నా మీద బొటనవేలంత జారింది. మంచు తడి అనుకుంది కాబోలు, చెప్పును రోడ్డుకేసి రాసుకుంది. దానికి ఆ కాలు కన్నా ఎదురుగా ఉన్న నాలుగు మెట్లే ఎక్కువ కనబడుతున్నాయి.

నన్ను మోసుకుని అరుగెక్కింది. విగ్రహం వెనకనుంచి మెట్ల అంచుదాకా పది పన్నెండు బారలు ఉంటుంది. మెట్ల కింద తారురోడ్డు. మెట్ల అంచులకు గ్రానైటు.

మొదటిసారి తన్నుకుంటూ వచ్చి, అంచు దగ్గర ఆగిపోయింది. కింద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఈల వేశారు. "ఏటే హేమీ, లిఫ్టు గావాలా?"

"మూసుకోండ్రా."

వెనక్కి వెళ్లింది. రెండోసారి వచ్చింది. ఈసారీ అంచు దగ్గర కాలు కింద పెట్టేసింది. నా ముందు చక్రం మెట్టు దాటి గాలిలో ఉంది. దాని గుండె చప్పుడు హ్యాండిలు గొట్టంలోంచి నాకు దిగుతోంది. ఎండ ఎక్కుతోంది. వేడికి నా ఒంట్లో నూనె పలచబడి పైకి తేలుతోంది. మొదటిసారి గెంతి ఉంటే బతికిపోయేదేమో. ఆలస్యమయ్యేకొద్దీ నేను గాజుపలకనవుతున్నాను.

రోడ్డవతల జావబండి దగ్గర మొదటి గిన్నె ఖాళీ అయింది. అప్పలనరసమ్మ చేతులు తుడుచుకుని అట్టముక్క తీసింది. అప్పుడు ఏం జరిగిందో ఆవిడ తర్వాత కనబడిన వాళ్లందరికీ చెప్పింది, అన్నిసార్లూ నేను విన్నాను. ముందువైపు వరుసలన్నీ అయిపోయాయి. ఆవేళ అట్టను వెనక్కి తిప్పింది. అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది.

"ప... ల... క. పలక. మీ... ది. పలక మీది."

అరుగు మీద హేమశ్రీ నన్ను మళ్లీ విగ్రహం దాకా తీసుకెళ్లింది. మూడోసారి. ఈసారి ఈలలు లేవు. హెల్మెట్టు బిగించుకుంది. ఎడమ చెయ్యి హ్యాండిలు మీదినుంచి తీసి, మణికట్టును ఒకసారి గుండ్రంగా తిప్పి, మళ్లీ పట్టుకుంది.

"గ... రు... కు. గరుకుపై. నూ... నూనె..."

"అమ్మా, ఒక గ్లాసు" అన్నారెవరో. ఆవిడ తలెత్తలేదు.

"నూనె... త... గ... ల... రా... దు."

వేలు అక్కడ ఆగింది. ఆ వేలి గోటి సందులో ఇంకా పసుపు ఉంది.

తలెత్తేసరికి హేమశ్రీ తన్ను మొదలుపెట్టేసింది. "హేమీ! ఆగే! హేమీ!" అని ఆవిడ అరిచిన అరుపు అల చప్పుడులో కలిసిపోయింది. పరుగెత్తితే రోడ్డు దాటాలి. ఒక తన్ను, రెండు తన్నులు. పిల్ల కాలు నా మీదికి చేరింది, వెనక కాలు సర్దుకుంటోంది, మోకాళ్లు వంగాయి. నా అట్ట ఆ అరికాళ్లను పట్టుకోవాలని చూస్తోంది, పట్టు లేదు.

అప్పలనరసమ్మ జావగిన్నె మూత లాగి మెట్ల వైపు విసిరింది. తాంబాళమంత స్టీలు మూత. అది గ్రానైటు మెట్టుకు తగిలి, దేవుడి గుళ్లో గంట తెగిపడ్డట్టు మోగి, గిరగిరా దొర్లింది. నడిచేవాళ్లంతా ఆగిపోయారు. హేమశ్రీ ఉలిక్కిపడి, గెంతబోయిన కాళ్లను గెంతకుండా కిందికి దింపబోయింది. వెనక కాలు నూనె మీద జర్రున జారింది. కానీ అప్పటికే ముందు కాలు అరుగు మీద ఆనింది. పిల్ల హ్యాండిలు వదిలేసి, అంచుకు మూరెడు దూరంలో వెనక్కి కూలబడిపోయింది.

నేను ఆగలేదు. ఒక్కణ్ణే ముందుకెళ్లి నాలుగు మెట్లూ దొర్లాను. ప్రతి మెట్టునూ ముందు హ్యాండిలు తాకింది, ఎడమవైపు. పిల్ల చెయ్యి ఉండవలసిన చోటు. కింద తారు మీద బోర్లా పడ్డాను. వెనక రేకు వంగింది, పలక మూల గీరుకుపోయింది. అతుకు మాత్రం విడలేదు.

హేమశ్రీ లేచి మెట్లు దిగి వచ్చేసరికి దాని ముఖం కందగడ్డలా ఉంది.

"అమ్మమ్మా! ఏటిది! అందరి ముందూ పరువు తీసీసావు! గెంతీసే దాన్ని కదా!"

అప్పలనరసమ్మ అప్పటికి రోడ్డు దాటి వచ్చింది. ఆయాసపడుతూనే నన్ను తిరగేసి, మనవరాలి ఎడమ అరచెయ్యి పట్టుకుని నా అట్ట మీద రాసింది. ఆ అరచేతిని ఎండలోకి తిప్పింది. జిడ్డు, కొంచెం పసుపు.

హేమశ్రీ తన అరచేతి వైపు చూసింది, మెట్ల అంచు వైపు చూసింది.

"నానే రాసినాను. నూనె" అంది అమ్మమ్మ. "మడతదీ నానే, ఇదీ నానే. రెండుసార్లూ నానే. కొట్టుబాబు నోటితో సెప్తానంటే ఒద్దన్నాను. నాకు సదువొచ్చీసింది కదా అని." ఆవిడ ఆఖరి మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్ల దొర్లిపోయిన మూత ఏరుకొచ్చి, చీరకుచ్చెళ్ల పక్కన పెట్టి, తనూ కూర్చుంది.

"మడతదాని కాగితం సదవడానికి నీకు యేడాది పట్టింది అమ్మమ్మా" అంది. "ఇది బేగినే సదివీసావు."

అమ్మమ్మ ఏడుస్తూనే నవ్వింది. జావ కోసం నిలబడ్డవాళ్లు ఎవరి గ్లాసులు వాళ్లే పోసుకుని తాగి వెళ్లారు.

ఆ రోజే నన్ను కూర్మారావు దగ్గరికి పట్టుకెళ్లారు. ఆయన నూనె తాగిన అట్టను వేడి చేసి ఊడబెరికాడు. పలకను సబ్బుతో కడిగి, కొత్త అట్ట అంటించాడు. పనంతా అయ్యాక అప్పలనరసమ్మ ఆయన ఎదుట కూర్చుని, "ఇప్పుడు నోటితో కూడా సెప్పు బాబూ" అంది. పదహారు వరుసలూ మొదటినుంచి చెప్పించుకుంది. హేమశ్రీని కూడా కూర్చోబెట్టింది. సుగుణకు జరిగింది దాచలేదు. సుగుణ అంతా విని, కూతురి మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తల్లితో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న తనే జావగిన్నె మూత తోమి బండి మీద పెట్టింది. దాని అంచు సొట్ట ఈరోజుకీ ఉంది.

నాలుగు మెట్లూ మేమిద్దరం గెంతింది ఇంకో మూడు వారాలకు. గొప్పగా ఏమీ గెంతలేదు. వెనక చక్రం ముందు తగిలింది, ఊగిపోయాం, నిలబడ్డాం. అమ్మమ్మ కళ్లు మూసుకోలేదు, చూసింది. ఆ తర్వాత పూజ చేసినా నా హ్యాండిలు మీద ఒక్క కుంకుమ బొట్టే.

రెండేళ్లలో పిల్ల తాటిచెట్టులా ఎదిగింది. నడుము దగ్గర ఉండే నా హ్యాండిలు తొడ దగ్గరికి దిగింది. వంగి తొక్కుతుంటే నాకే భయమేసేది. ఒకరోజు కూర్మారావు కొట్టులో దానికి తగిన కొత్త బండి కొన్నారు. దాన్నీ అప్పలనరసమ్మే ఎత్తి వదిలి చప్పుడు వింది. నన్ను ఇనుపసామాన్లవాడికి ఇవ్వడానికి పిల్ల ఒప్పుకోలేదు, కూర్మారావూ ఒప్పుకోలేదు. ఇప్పుడు నేను ఆయన కొట్టు గుమ్మంలో, కొత్తగా కొనేవాళ్లు ముట్టుకుని చూడటానికి ఉన్నాను. అమ్మకానికి కాదు. గీరుకుపోయిన మూల అలాగే ఉంది.

నా మెడకు ఒక అట్ట కట్టి ఉంది. దాన్ని అప్పలనరసమ్మే రాసింది. అక్షరాలు పెద్దవి, కొంచెం ఎగుడుదిగుడువి. మడతది గెంతులకు వద్దు. ముందు చక్రం ఎత్తి వదిలి చప్పుడు వినండి. హ్యాండిలు నడుము దగ్గర ఉండాలి, ఎదుగుతారని పెద్దది కొనకండి. పలక మీది గరుకుకు నూనె, పసుపు రాయకండి, దండం దూరంనుంచి పెట్టండి. ఆఖరి వరుస అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది: చదవడం రాకపోతే సిగ్గుపడకుండా అడగండి. వచ్చినా అడగండి.

మొన్న ఒక తాత వచ్చాడు, మనవణ్ణి వెంటబెట్టుకుని. దీపాలున్న మడతబండి గంట మోగించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, అట్ట మీద వేలు పెట్టి, "మ... డ... త..." అని మొదలుపెట్టాడు. మనవడు చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. కొట్టులో బేరం కోసం నలుగురు నిలబడి ఉన్నారు. కూర్మారావు వాళ్లకు ఆగమని సైగ చేశాడు. తాత ఆఖరి వరుసదాకా చదివాడు. చదివి, తలెత్తి, "బాబూ, ఒకసారి నోటితో కూడా సెప్పు" అన్నాడు.

బోని అప్పలనరసమ్మ
వయసు అరవై ఒకటి
ఇప్పుడు ఉంటున్నది ఆరిలోవ, విశాఖపట్నం